మూడు డిగ్రీలు

వంటగది కిటికీ బయట థర్మామీటరు
మూడు అంటోంది.
హెస్టర్ ఆక్రాయిడ్ దాని మాట నమ్మదు.
అది గోడ వెచ్చదనం తాగి మాట్లాడుతుంది.
రోడ్డు సంగతి రోడ్డునే అడగాలి.

తెల్లవారుజామున నాలుగూ ఇరవై.
యార్క్‌షైర్ కొండల మధ్య ఇంకా లేవని లోయ.
తలెత్తి చూసింది: చుక్కలు, ఒక్కటీ తగ్గకుండా.
మబ్బుంటే నేలకు దుప్పటి ఉన్నట్టు.
ఈ రాత్రి ఎవరో లాగేసుకున్నారు.
పక్కింటి కారు అద్దాన్ని గోటితో గీస్తే
తెల్లటి పొడి.
గడ్డిమీద అడుగు వేస్తే
అప్పడం విరిగిన చప్పుడు.
నిన్న ఆరింటిదాకా వాన.
బేకరీలో పిండీ నీళ్లూ కొలిచినట్టు
వేళ్లమీద లెక్క వేస్తోంది:
వాన ఎప్పుడాగింది, గాలి ఎంతసేపు వీచింది,
ఆరడానికి రోడ్డుకు టైము దొరికిందా.

చేతితొడుగు తీసి
అరచేయి తారుకు ఆనించింది,
పెనం కాలిందా అని చూసే అలవాటును
సరిగ్గా తిరగేసి.
గరుగ్గా ఉంది. తడిగా ఉంది. జారలేదు.
ఇక్కడికి సరే.
ఇక్కడి మాట ఇక్కడికే.

మేకుల టైర్లు కొనుక్కోవే అంటాడు తమ్ముడు క్లిఫ్.
ఏడాదికి పన్నెండు పొద్దుల కోసమా అంటుంది.
ఆ పన్నెండూ ఏవో ముందే చెప్పే టైరుంటే
అప్పుచేసైనా కొంటుందట.

దిగుడంతా చెవులతో తొక్కుతుంది.
తడి రోడ్డు మీద టైరు మాట్లాడుతూ ఉంటుంది,
వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు
సుయ్యిమని, సన్నగా.
ఆ మాట ఆగిందా,
బ్రేకు జోలికి పోకూడదు,
హ్యాండిల్ తిప్పకూడదు,
తొక్కనూ కూడదు.
ఊపిరి కూడా నిటారుగానే.

పాల వ్యాను ఎదురొచ్చింది.
చక్రాల వెనక తుంపర లేస్తోందా?
లేస్తోంది. నీళ్లే.
మెరిసేదంతా మంచు కాదు.
మంచంతా మెరవదు కూడా.
వంతెన మీద మాత్రం మెల్లగా,
దాని కింద నేల లేదు, గాలే ఉంది,
ఊళ్లో అన్నిటికన్నా ముందు బిగుసుకునేది అదే.
దాటింది.

ఇక చర్చి గోడ కింది మలుపు.
రాళ్ల సందులోంచి ఊట,
జూలైలోనూ ఆరదు.
రెండేళ్ల కిందట ఇక్కడే.
ఆ పొద్దున థర్మామీటరు నాలుగంది.
జారినట్టు కూడా తెలియలేదు,
సైకిలు కింద రోడ్డు లేదు, అంతే.
కాలు జారితే తీసుకోవచ్చంటారు,
చక్రం సంగతి సామెతలో లేదు.
కాలర్ ఎముక అతుక్కుంది గానీ
బరువైన ట్రే ఎత్తినప్పుడల్లా
ఈ మలుపు పేరు చెబుతుంది.

దిగింది.
సైకిలు పట్టుకుని, గోడకు దూరంగా,
బాతులా అడుగులో అడుగు వేసింది.
వెనకనుంచి గంట. కల్లమ్,
మొదటి రైలు అందుకోవాలి,
సన్న చక్రాలు, ఒక చేత్తో టోపీ సర్దుకుంటూ
మలుపులో వాలి,
అలాగే లేచి,
వెళ్లిపోయాడు.
పడలేదు.
లైటు వంచి చూసింది:
తడి, నాలుగు గులకరాళ్లు,
ఒక ఆకు. మంచు లేదు.

తొమ్మిది నిమిషాలు ఆలస్యం.
సగ్డెన్ గడియారం వైపు చూడనట్టు చూశాడు.
"మంచా?"
"లేదు."
"మరి?"
ఏం చూపిస్తుంది?
పడినదానికి కట్టుంటుంది, ఎక్స్‌రే ఉంటుంది,
పరామర్శకు కేకు పట్టుకొచ్చే పొరుగువాళ్లుంటారు.
పడనిదానికి
తొమ్మిది నిమిషాలే మిగులుతాయి,
అవీ జీతంలోంచి.

ఏప్రన్ కట్టుకుని
పిండిలో చేయి పెట్టింది.
ఇది నయం, నొక్కితే
పొంగిందో లేదో అప్పుడే చెబుతుంది.

ఆ చలికాలమంతా కల్లమ్ ఒక్కసారీ పడలేదు.
ఆ చలికాలమంతా హెస్టర్
ఆ మలుపులో దిగుతూనే ఉంది.